నరకాన్ని తర్జుమా చేసిన ఇల్లు

'అపరిచితుడు' సినిమా గుర్తుందా? విక్రమ్ గరుడపురాణం ముందు పెట్టుకుని ఒక్కో తప్పుకి ఒక్కో శిక్ష వేస్తుంటాడు. ఒకడికి కుంభీపాకం, ఇంకొకడికి కృమిభోజనం. 2005లో ఆ సినిమా వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. జలగల సీను రాగానే అమ్మ పమిటలో తల దూర్చేశాను. ఆ తర్వాత వారం రోజులు ఒక్కణ్ణే బాత్రూమ్‌కి వెళ్లలేదు.

ఇంచుమించు అదే ఐడియాతో రెండేళ్ల ముందు, 2003లో, అమెరికాలో ఒక నవల వచ్చింది. పేరు 'ది డాంటే క్లబ్'. రాసింది మాథ్యూ పెర్ల్. అదే అతని మొదటి నవల. ఇక్కడ గరుడపురాణం బదులు ఇటలీ మహాకవి డాంటే రాసిన 'ఇన్ఫెర్నో' ఉంటుంది. అంటే నరకం. అందులో పాపులకి పడే శిక్షల్ని ఎవరో బోస్టన్ వీధుల్లో బతికున్న మనుషుల మీద అమలు చేస్తుంటారు. మొదటి హత్యలో పురుగులుంటాయి. మన కృమిభోజనమే అనుకోండి.

ఈ నవలని నేను ఫోన్లోనే చదివాను. బోస్టన్‌లో ఆఫీసుకి వెళ్తూ వస్తూ, రెడ్ లైన్ రైల్లో నిలబడి చదివాను. సగం చదివాక ఒక విషయం వెలిగింది. కథలో కవులందరూ కూర్చుని మాట్లాడుకునే ఇల్లు నిజంగానే ఉంది. నేను రోజూ ఎక్కే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే చాలు. నవల ముగించాక సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను.

బురిటోలు అమ్మే పుస్తకాల షాపు

ముందు కథ కొంచెం చెప్పాలి. హంతకుడెవరో చెప్పనులెండి, భయపడకండి.

1865వ సంవత్సరం. అమెరికాలో అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. బోస్టన్ వీధుల్లో ఎటు చూసినా కాలో చెయ్యో పోగొట్టుకున్న సైనికులు. అలాంటప్పుడు ఊళ్లో పెద్ద జడ్జి ఒకాయన ఘోరంగా చచ్చిపోతాడు. తర్వాత ఒక మతగురువుని తలకిందులుగా పాతేసి, పాదాలకి నిప్పు పెడతారు. పోలీసులకి తలా తోకా తెలీదు. ఊళ్లో నలుగురైదుగురికి మాత్రం చూడగానే అర్థమైపోతుంది. ఎందుకంటే డాంటే నరకంలో మతాన్ని అమ్ముకున్నవాళ్లకి పడే శిక్ష అదే. వాళ్లు ఆ పుస్తకాన్ని అప్పుడే ఇటాలియన్ నుంచి ఇంగ్లీషులోకి తెస్తున్నారు. పోలీసులకి చెబితే అనుమానం తమ మీదికే వస్తుంది. తాము ప్రాణంలా చూసుకుంటున్న పుస్తకానికి హత్యల మచ్చ పడుతుంది. దాంతో గడ్డాలు నెరిసిన కవులే డిటెక్టివులవుతారు.

విశేషమేంటంటే ఈ కవులు నిజం మనుషులు. హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో ఆ రోజుల్లో అమెరికాలో ఇంటింటా తెలిసిన కవి. ఆలివర్ వెండెల్ హోమ్స్ కవే కాక డాక్టరు కూడా. ఆపరేషన్‌కి ముందు మత్తివ్వడాన్ని మనం 'అనస్థీషియా' అంటున్నామే, 1846లో ఆ మాటని సూచించింది ఆయనే. జేమ్స్ రసెల్ లోవెల్ హార్వర్డ్ ప్రొఫెసరు. జేమ్స్ ఫీల్డ్స్ వీళ్ల పుస్తకాలు అచ్చేసే పబ్లిషరు. ఒక రాజారావు గారో రామయ్య గారో అని కల్పించకుండా, విశ్వనాథ, జాషువా, శ్రీశ్రీ కలిసి హత్య కేసు పరిశోధించారని నవల రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పక్కన డిటెక్టివ్ యుగంధర్ కూడా లేడు!

నా యాత్ర ఫీల్డ్స్ షాపు దగ్గర మొదలుపెట్టాను. డౌన్‌టౌన్‌లో వాషింగ్టన్ స్ట్రీట్, స్కూల్ స్ట్రీట్ కలిసే మూల మీద ఎర్ర ఇటుకల పాత భవనం. 1718లో కట్టింది. పేరు ఓల్డ్ కార్నర్ బుక్‌స్టోర్. ఫీల్డ్స్ కంపెనీ 1865 దాకా ఇక్కడే ఉండేది. హాథార్న్ 'స్కార్లెట్ లెటర్', థోరో 'వాల్డెన్' ప్రచురించింది ఈ కంపెనీయే. ఇప్పుడు లోపల ఒక చెయిన్ హోటల్ బురిటోలు అమ్ముతోంది. నేనూ ఒకటి కొనుక్కుని తిన్నాను. మా కోఠీలో పాత పుస్తకాల షాపు ఉన్నచోట బిర్యానీ సెంటర్ వస్తే ఎంత బాధపడాలో అంత బాధపడుతూనే, శుభ్రంగా తిన్నాను.

ఆయన పేరు మీద వంతెన

అక్కడి నుంచి రెడ్ లైన్ ఎక్కితే ఛార్లెస్/ఎమ్‌జీహెచ్ స్టేషన్ దాటాక రైలు నది మీదికొస్తుంది. ఛార్లెస్ నది మీద ఆ వంతెన పేరే లాంగ్‌ఫెలో బ్రిడ్జి. మధ్యలో ఉన్న నాలుగు రాతి గోపురాలు ఉప్పు, మిరియాల పొడి సీసాల్లా ఉంటాయని ఊరివాళ్లు దాన్ని సాల్ట్ అండ్ పెప్పర్ బ్రిడ్జి అని కూడా అంటారు. 1906లో తెరిచినప్పుడు కేంబ్రిడ్జ్ బ్రిడ్జి అనేవాళ్లు. 1927లో ఆయన పేరు పెట్టారు. ఇదే చోట అంతకుముందున్న పాత వంతెన మీద నడుస్తూ ఆయన రాసిన పద్యం ఒకటుంది.

రెండేళ్లుగా ఆ వంతెన మీదుగా తిరుగుతున్నాను. ఎవరీ లాంగ్‌ఫెలో అని ఒక్కసారీ గూగుల్ చెయ్యలేదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల పేర్లన్నీ మనం చదివామా ఏంటి?

హార్వర్డ్ స్టేషన్లో దిగి బ్రాటిల్ స్ట్రీట్ పట్టుకుంటే పావుగంట నడక. షాపులూ కాఫీ హోటళ్లూ అయిపోయాక రోడ్డు నిశ్శబ్దమైపోతుంది. రెండు పక్కలా పెద్ద చెట్లు, వాటి వెనక పాత చెక్క ఇళ్లు. నంబరు 105 పసుపు రంగు ఇల్లు. తెల్లని స్తంభాలు, నల్లని కిటికీ తలుపులు, ముందు పచ్చిక. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. చలికాలంలో లోపలికి పంపరు. వెచ్చని నెలల్లో వెళ్తే టికెట్ లేకుండా చూపిస్తారు. వెడల్పంచు టోపీ పెట్టుకున్న రేంజరు మా ఏడుగురినీ లోపలికి తీసుకెళ్లింది.

ఇల్లు 1759లో కట్టారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదట్లో, 1775 జులై నుంచి తర్వాతి ఏప్రిల్ దాకా జార్జ్ వాషింగ్టన్ ఇక్కడే మకాం పెట్టి సైన్యాన్ని నడిపాడు. 1837లో లాంగ్‌ఫెలో అద్దెకి వచ్చాడు. హార్వర్డ్‌లో కొత్తగా చేరిన ప్రొఫెసరు. 1843లో ఫ్యానీ ఆపిల్టన్‌ని పెళ్లి చేసుకుంటే ఆవిడ నాన్న ఈ ఇంటినే కొని కానుకగా ఇచ్చాడు. మనవాళ్లు విన్నారంటే 'ఏం అల్లుడండీ' అంటారు.

రెండు గదులు

నేను చూడాలనుకున్నవి రెండే రెండు గదులు.

మొదటిది ఆయన రాసుకునే గది. ముందువైపు కుడిచేతి పక్కన ఉంటుంది. వాషింగ్టన్ ఆఫీసు కూడా ఇదేనట. కిటికీ దగ్గర నిలబడి రాసుకునే ఎత్తు బల్ల. మధ్యలో గుండ్రని టేబులు. ఒక మూల నల్లటి చెక్క కుర్చీ. ఆయన పద్యంలో వచ్చే చెస్ట్‌నట్ చెట్టుని ఊళ్లో రోడ్డు కోసం కొట్టేస్తే, ఆ కలపతో చేయించిన ఈ కుర్చీని ఊరి పిల్లలు 1879లో ఆయన 72వ పుట్టినరోజుకి ఇచ్చారు. నవలలో అందరూ డాంటే గురించి వాదించుకునేది ఈ గదిలోనే. అసలు డాంటే క్లబ్ కూడా నిజమే. 1865 శరత్కాలం నుంచి బుధవారం రాత్రుళ్లు ఇక్కడే కూర్చునేవాళ్లు. లాంగ్‌ఫెలో తన తర్జుమా ప్రూఫులు చదివేవాడు. మిగతావాళ్లు ఇటాలియన్ మూలం ముందు పెట్టుకుని, ఈ మాట సరిగ్గా లేదు, ఆ మాట మార్చు అనేవాళ్లు. అదయ్యాక అందరికీ భోజనం.

రెండోది దాని వెనకున్న లైబ్రరీ. పెద్ద గది. గోడల నిండా పుస్తకాలు, బొమ్మలు. వెలుతురు బాగా వస్తుంది. చూడ్డానికి ఈ ఇంట్లోకెల్లా అందమైన గది ఇదే. ఇక్కడ రేంజరు గొంతు తగ్గించింది.

1861 జులై 9. ఎండాకాలం. ఫ్యానీ ఈ గదిలో కూర్చుని కూతుళ్ల జుట్టు కత్తిరించి, ఆ పాయల్ని దాచుకోడానికి కాగితంలో మడిచి లక్కతో సీలు వేస్తోంది. నిప్పు ఎలా అంటుకుందో, పల్చని గౌనుకి అంటుకుంది. ఆవిడ మొగుడి గదిలోకి పరిగెత్తింది. ఆయన కింద పరిచిన రగ్గు తీసి చుట్టి ఆర్పబోయాడు. ఆయన చేతులూ ముఖమూ కాలాయి. ఆవిడ మర్నాడు పొద్దున పోయింది. జులై 13న, సరిగ్గా వాళ్ల పెళ్లిరోజున, ఆవిణ్ణి పూడ్చిపెట్టారు. పద్దెనిమిదేళ్ల పెళ్లి. కాలిన గాయాలతో మంచంలో ఉన్న ఆయన ఆ అంత్యక్రియలకి కూడా వెళ్లలేకపోయాడు. ఫొటోల్లో ఆయనకి కనిపించే పొడుగాటి తెల్లగడ్డం ఉంది చూడండి, అది ముఖం మీద గాయాల వల్ల గీసుకోలేక పెంచిన గడ్డం.

ఒక గది నుంచి ఇంకో గదికి పది అడుగులుంటాయేమో. నవలలో ఈ ప్రమాదం చదివినప్పుడు అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. ఇక్కడ నిలబడితే ఆ పది అడుగులు చూడాల్సొచ్చింది.

రోజుకో ఆశ్వాసం

నాకు అప్పటిదాకా అర్థం కానిదేంటంటే, అంత జరిగిన మనిషి ఆ తర్వాత ఏం పని పెట్టుకున్నాడు? నరకం గురించిన పుస్తకాన్ని తర్జుమా చేయడం. అందులో నిప్పుల వాన ఉంటుంది. మండే సమాధులుంటాయి. మంటల్లో చుట్టుకుపోయి మాట్లాడే మనుషులుంటారు. భార్య ఒళ్లు తగలబడుతుంటే కళ్లారా చూసినవాడు, అదే గదిలో, అదే బల్ల దగ్గర నిలబడి ఆ పద్యాలన్నీ ఎలా రాశాడు?

1863 మార్చిలో ఆయన పెద్దకొడుకు ఛార్లీ నాన్నకి చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లి సైన్యంలో చేరిపోయాడు. ఇంచుమించు అదే రోజుల్లో ఆయన ఇన్ఫెర్నో పట్టుకున్నాడు. అందులో 34 భాగాలుంటాయి. వాటిని కాంటోలంటారు, మన కావ్యాల్లో ఆశ్వాసాల్లా అనుకోండి, కానీ చిన్నవి. రోజుకొకటి చొప్పున వరసగా 34 రోజులు కూర్చుని ఏప్రిల్ మధ్యకల్లా ముగించేశాడు. ఆ ఏడాది నవంబరులో ఛార్లీకి తూటా తగిలింది. బతికి బయటపడ్డాడు. తర్వాత దిద్దడానికి, మిత్రులతో చదివించడానికి ఇంకో రెండేళ్లకి పైగా పట్టింది. నరకం, ప్రాయశ్చిత్తం, స్వర్గం మూడు భాగాలూ 1867లో పుస్తకాలుగా వచ్చాయి. డాంటే కావ్యం మొత్తాన్ని తర్జుమా చేసిన మొదటి అమెరికన్ ఆయనే.

ఇది వింటుంటే నాకు మా తాతయ్య పోయినప్పటి రోజులు గుర్తొచ్చాయి.

తాతయ్య పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. జనవరి నెల. వీసా స్టాంపింగ్ లేదు, వెళ్తే మళ్లీ రాగలనో లేదో తెలీదు. వద్దన్నారు, మానేశాను. తెనాలి పక్క ఊళ్లో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి పంతులుగారొచ్చి గరుడపురాణం చదివేవారు. ఇక్కడ పొద్దున ఏడున్నర. మావయ్య ఫోన్ ఒక చెంబుకి ఆనించి వీడియో కాల్ పెట్టేవాడు. నేను ఆఫీసుకి తయారవుతూ వినేవాణ్ణి. వైతరణి నది, యమభటులు, ఏ పాపానికి ఏ నరకం. నాకు ఒళ్లు మండిపోయేది. ఏడుస్తున్న అమ్మమ్మ ముందు కూర్చుని ఇవా చదివేది? మా తాతయ్య ఏం పాపం చేశాడని? రెండు రోజులు చూసి, మూడోరోజు నుంచి నెట్‌వర్క్ బాలేదని అబద్ధం చెప్పి కాల్ కట్ చేశాను.

ఆ కోపం ఎప్పుడో పోయిందనుకున్నాను. పోలేదని ఆ లైబ్రరీ గుమ్మం దగ్గర తెలిసింది.

నవల చెప్పింది, చెప్పనిది

చారిత్రక మిస్టరీ నవలలతో వచ్చే చిక్కు ఒకటుంది. చదివాక ఏది నిజమో ఏది కల్పనో కలిసిపోతుంది. టూర్లో ఒకాయన రేంజరుని ఆ నల్లజాతి పోలీసు ఆఫీసరు నికొలస్ రే గురించి అడిగాడు. ఆయనకీ నవల పరిచయమే అన్నమాట. రే నవలలో నాకు బాగా నచ్చిన మనిషి. తీరా చూస్తే అతను కల్పన. బోస్టన్‌లో మొదటి నల్లజాతి పోలీసు హొరేషియో హోమర్ 1878లో చేరాడు. కథ జరిగిన పదమూడేళ్ల తర్వాత. డాంటేని చదవనివ్వకూడదని హార్వర్డ్ పెద్దలు కుట్రలు చేయడం కూడా చాలావరకు కథ కోసం పెంచిందే. లాంగ్‌ఫెలో స్వయంగా ఆ యూనివర్సిటీలో 1836 నుంచి 1854 దాకా యూరప్ భాషల ప్రొఫెసరు. ఆయన తర్వాత ఆ ఉద్యోగంలో లోవెల్ వచ్చి డాంటే పాఠాలే చెప్పాడు. హత్యలు ఎలాగూ జరగలేదు.

అయితే పెర్ల్ గాల్లో మేడలు కట్టలేదు. అతను చదువుకుంది హార్వర్డ్‌లోనే. 1881లో లాంగ్‌ఫెలో మొదటి అధ్యక్షుడిగా మొదలైన డాంటే సొసైటీ ఇచ్చే బహుమతి కూడా నవలకి ముందే అందుకున్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గాయాలు, రాత్రిళ్లు వాళ్లకి పట్టని నిద్ర, వాళ్లని మర్చిపోయి పార్టీలు చేసుకుంటున్న పెద్దమనుషులు, ఇవన్నీ ఆ కాలానివే. హత్యల వెనక కథ మెల్లగా అక్కడికే వెళ్తుంది. అంతకు మించి చెప్పను.

నవల చెప్పనిది ఒకటి ఈ ఇంటి గేటు దగ్గరే ఉంది. ఈ ఇల్లు కట్టించిన జాన్ వసాల్ డబ్బంతా జమైకా చెరకు తోటల్లో బానిసల చేత చేయించిన చాకిరీలోంచి వచ్చింది. ఇక్కడా బానిసలుండేవాళ్లు. టోనీ, క్యూబా అనే దంపతులు వసాల్ కుటుంబం చేతిలో బానిసలు. వాళ్లబ్బాయి డార్బీ 1769లో పుట్టాడు. విప్లవం మొదలవగానే బ్రిటిష్ పక్షం వాడైన జాన్ వసాల్ ఇల్లొదిలి పారిపోయాడు. ఆ తర్వాత వాషింగ్టన్ ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆరేళ్ల డార్బీ గేటు పట్టుకుని ఊగుతున్నాడట. నా దగ్గర పనిచేస్తావా అని వాషింగ్టన్ అడిగితే, జీతమెంత అని అడిగాడట పిల్లాడు. జీతం ఇవ్వకుండా పని చేయమనేవాడు పెద్దమనిషేంటి అని ముసలితనంలో కూడా చెప్పుకునేవాడని అంటారు. కథే అయ్యుండొచ్చు. కానీ పెద్దయ్యాక అతను బోస్టన్ నల్లజాతి వాళ్ల హక్కుల కోసం పనిచేసిన ఆఫ్రికన్ సొసైటీని 1796లో మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు. ఇది కథ కాదు.

డార్బీ 92 ఏళ్లు బతికి 1861లో పోయాడు. ఫ్యానీ పోయిన ఏడాదే. అదీ రేంజరు చెబితేనే లెక్కేసుకున్నాను. కేంబ్రిడ్జ్ కామన్ ఎదురుగా క్రైస్ట్ చర్చి ఉంది. దాని కింద వసాల్ కుటుంబం సమాధి గదిలోనే డార్బీని కూడా పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు ఆ చర్చి ముందు ఆగాను. పక్కనే పిల్లలు ఫ్రిస్బీ ఆడుతున్నారు. ఒక మిస్టరీ నవల ముగిసేసరికి ఏ చావుకి ఎవరు బాధ్యులో తేలిపోవాలి. చెరకు తోటల్లో చచ్చినవాళ్ల లెక్క అడగడానికి ఏ డిటెక్టివూ రాలేదు. ఎవరైనా ఆ నవల రాస్తే చదవాలనుంది.

పద్దెనిమిదేళ్లు దాచిన కాగితం

టూర్ అయ్యాక బ్రాటిల్ స్ట్రీట్‌లోనే పడమరగా నడిస్తే మౌంట్ ఆబర్న్ శ్మశానం వస్తుంది. 1831లో మొదలైంది. శ్మశానమంటే మీరనుకునేలా ఉండదు. కొండలు, చెరువులు, పేరు రాసిన చెట్లు. పొద్దున పూట పక్షుల్ని చూడ్డానికి బైనాక్యులర్లు పట్టుకుని వస్తారు. నవలలో కవులంతా ఇక్కడే ఉన్నారు. లాంగ్‌ఫెలో, లోవెల్, హోమ్స్, ఫీల్డ్స్. బుధవారం రాత్రుళ్లు ఒక టేబులు చుట్టూ కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఒకే తోటలో ఉన్నారు. గేటు దగ్గర మ్యాప్ దొరుకుతుంది. లాంగ్‌ఫెలో సమాధి గట్టు మీద దారిలో, ఇండియన్ రిడ్జ్ అనే చోట ఉంది. ఫ్యానీ కూడా అక్కడే.

అక్కడ కూర్చుని ఫోన్లో ఆయన గురించి ఇంకాస్త చదివాను. భార్య చావు గురించి ఆయన ఏళ్ల తరబడి ఒక్క పద్యమూ బయటపెట్టలేదు. దేశమంతా చదివే కవి అయ్యుండి కూడా. 1879 జులైలో, అంటే ఆవిడ పోయిన పద్దెనిమిదేళ్లకి, ఆవిడ మీద పద్నాలుగు పాదాల పద్యం ఒకటి రాసి కాగితాల్లో పెట్టేశాడు. 1882లో ఆయన పోయాకే అది బయటికొచ్చింది. నవలలో మిస్టరీ చివరి పేజీలో తేలిపోతుంది. ఈయన మాత్రం ఇంకొకళ్ల పుస్తకం వెనక నిలబడి ఇన్నేళ్లు గడిపాడు.

తర్జుమా అంటే మనకి చిన్నచూపు. సొంత కవిత్వం రానివాళ్లు చేసే పని అనుకుంటాం. కానీ మన సాహిత్యమే నన్నయ్య గారు భారతం తెలుగులో చెప్పడంతో మొదలైంది కదా. సొంత మాట పెగలనప్పుడు ఇంకొకడి మాట పట్టుకుని రోజుకింత నడవచ్చు. పైగా రాత్రికి మిత్రులొస్తారు. నువ్వు రాసినదాంట్లో తప్పులు తీస్తారు. నీతో అన్నం తింటారు.

ఇలాంటి నవలలు ఇంకా చదవాలనుకునేవాళ్లకి నాలుగు పేర్లు చెబుతాను. ఉంబెర్తో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' 1980లో వచ్చింది. 1327లో ఇటలీ కొండల మీద ఒక మఠం, అందులో పెద్ద లైబ్రరీ, వరస చావులు. కష్టంగా మొదలవుతుంది, ఓపిక పట్టండి. పి.డి. జేమ్స్ 'డెత్ కమ్స్ టు పెంబర్లీ' 2011లో వచ్చింది. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' జంట పెళ్లయ్యాక వాళ్ల ఎస్టేట్‌లో జరిగే హత్య. స్టెఫనీ బ్యారన్ అయితే ఆస్టెన్‌నే డిటెక్టివ్ చేసి సిరీస్ రాసింది. పెర్ల్ రాసిన 'ది లాస్ట్ డికెన్స్'లో డికెన్స్ ముగించకుండా వదిలేసిన నవల కోసం వేట జరుగుతుంది. అందులో మన బెంగాల్ నల్లమందు వ్యాపారం కూడా వస్తుంది. ఏది చదివినా వీలైతే ఆ ఊరికి వెళ్లండి. వీలు కాకపోతే మ్యాప్ తెరిచి ఆ వీధైనా చూడండి. కథలో లేనివి అక్కడ కనిపిస్తాయి.

సమాధి దగ్గర నుంచి లేచేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఇండియాలో రాత్రి పది కావస్తోంది. అమ్మమ్మ సీరియల్ అయిపోయి ఉంటుంది. ఫోన్ చేశాను.

"ఏరా నాన్నా, ఈ వేళప్పుడు?"

"ఊరికే. అమ్మమ్మా, ఒకటి అడగనా? తాతయ్య పోయినప్పుడు ఆ గరుడపురాణం ఎందుకు చదివించారు? నీకు భయం వెయ్యలేదా?"

కాసేపు మాట్లాడలేదు. టీవీ సౌండ్ తగ్గించింది.

"అందులో ఏముందో ఎవడు విన్నాడ్రా! పంతులుగారు చదువుతుంటే నేను వత్తులు చేసుకుంటూ కూర్చునేదాన్ని. ఆ పది రోజులూ దీపాలు పెట్టే వేళకి వీధిలో వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. పక్కింటి రమణమ్మ ఒక్కరోజు మానలేదు. అదయ్యాక ఇంత తినిపించి వెళ్లేవాళ్లు. పదకొండో రోజు నుంచే నాకు భయం మొదలైంది, ఇల్లు ఖాళీ అయిపోయి."

నాకేం అనాలో తోచలేదు.

"నువ్వూ కూర్చున్నావుగా రెండు రోజులు, ఫోన్లో" అంది. "మూడోనాటి నుంచి నెట్టు రాలేదన్నావు. పోనీలే. ఇంతకీ తిన్నావా?"

తిన్నానని చెప్పాను. నెట్ సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు. వీసా పని పూర్తయింది, సంక్రాంతికి వెళ్తున్నాను. అప్పుడు ఎదురుగా కూర్చుని చెబుతాను.